చేసింది నేనేనట, నాకు మాత్రం గుర్తు లేదు

శకుంతల కథ మనకు రెండు దారుల్లో అందింది. భారతంలో, నన్నయ ఆదిపర్వంలో చదువుకున్న కథలో, దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. కొడుకును వెంటబెట్టుకుని నిండు సభకు వచ్చిన శకుంతలను చూసి, ఎరిగి ఎరిగీ, నువ్వెవరో నాకు తెలియదన్నాడు. కాళిదాసు నాటకంలోనూ రాజు ఆ మాటే అంటాడు. అయితే ఈ రాజు అబద్ధమాడటం లేదు. దుర్వాసుడి శాపం వల్ల అతనికి నిజంగానే గుర్తు లేదు. సభలో కూర్చున్నవాళ్ల కళ్లతో చూస్తే ఇద్దరు దుష్యంతులకూ తేడా కనిపించదు. అదే గొంతు, అదే నిరాకరణ. ఒకడు మోసగాడనీ ఇంకొకడు మరపుకు చిక్కినవాడనీ తేల్చడానికి వాళ్ల మాట చాలదు. అందుకే భారతంలో ఆకాశవాణి పలకాల్సి వచ్చింది. కాళిదాసుకు చేప కడుపులోంచి ఉంగరం తీయాల్సి వచ్చింది.

నేరకథల్లో ఒక పాయ సరిగ్గా ఈ సభలోనే మొదలవుతుంది. మామూలు అపరాధ పరిశోధన నవలలో హంతకుడికి తాను చేసింది తెలుసు, మనకూ డిటెక్టివుకూ తెలియదు. ఆ దాగుడుమూతలే కథ. మానసిక నేరకథలో ఆ భరోసా కూడా ఉండదు. కథ చెబుతున్నవాడే హంతకుడు కావచ్చు, ఆ సంగతి అతనికే తెలియకపోవచ్చు. తెలిసినా అది హత్య అని మనసు ఒప్పుకోకపోవచ్చు.

ఇలాంటివాణ్ణి విమర్శకులు ‘నమ్మదగని కథకుడు’ అంటారు. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో వెలువరించిన పుస్తకంతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. పనికొచ్చే మాటే గానీ, దానివల్ల ఒక నష్టమూ జరిగింది. ఒకరికొకరు పోలికే లేని నలుగురిని ఒకే గాటన కట్టేసింది. నిజం తెలిసి దాచేవాడు ఒకడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, దాని అర్థాన్ని మాత్రం తలకిందులుగా చూసేవాడు ఇంకొకడు. చెప్పడానికి జ్ఞాపకమే మిగలనివాడు మూడోవాడు. జరగనిది జరిగినట్టు గుర్తుండి, దాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవాడు నాలుగోవాడు. మన భాష కూడా ఈ ముడిని ఇంకాస్త బిగించింది. మతిమరపులో ఉన్నదీ మతిభ్రమణంలో ఉన్నదీ ఒకే ‘మతి’. పిచ్చీ మరపూ ఒకటేనన్న భావన మాటల్లోనే స్థిరపడిపోయింది. గొప్ప రచయితలు ఈ రెంటినీ చాలా జాగ్రత్తగా విడదీశారు. ఎవరు ఏ పోగు విప్పారో పట్టుకుంటే ఆ పుస్తకాలు కొత్తగా కనిపిస్తాయని నా నమ్మకం.

ఒక మనవి. పందొమ్మిదో శతాబ్దపు కథల ముగింపులు చెప్పకుండా ఈ చర్చ సాగదు కాబట్టి చెప్పేస్తాను. ఇరవయ్యో శతాబ్దపు నవలల చివరి మలుపులు మాత్రం బయటపెట్టను.

నలుగురిలో మొదటివాడి గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. దాచేవాడికి జ్ఞాపకం బాగానే ఉంది, మతీ బాగానే ఉంది. 1926లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఇంగ్లిష్ నవల ఈ పద్ధతికి శిఖరం. అందులో కథ చెప్పే మనిషి అబద్ధం ఆడడు, ఒక పది నిమిషాలను నిశ్శబ్దంగా దాటవేస్తాడంతే. పేరు చెబితే చదవనివారికి అన్యాయం చేసినట్టవుతుంది. రచనా నైపుణ్యంగా అది అద్భుతమే. మనసు గురించి మాత్రం అది మనకు కొత్తగా చెప్పేది తక్కువ.

ఏదీ మరవని ఉన్మాది

ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ద టెల్‌టేల్ హార్ట్’ 1843 జనవరిలో అచ్చయింది. చిన్న కథ. ఒక మనిషి తనతో ఒకే ఇంట్లో ఉంటున్న ముసలాయనను చంపుతాడు. ఆయన మీద పగ లేదు, ఆయన బంగారం మీద ఆశ లేదు, పైగా ఆయనంటే తనకిష్టమంటాడు. ఆయనకున్న ఒక కన్ను, రాబందు కన్నులాంటి పొర కమ్మిన ఆ నీలి కన్ను, భరించలేకపోయాడు. ఏడు రాత్రులు అర్ధరాత్రి వేళ తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఎనిమిదో రాత్రి చంపేశాడు. శవాన్ని నేల చెక్కల కింద దాచాడు. పోలీసులు వస్తే సరిగ్గా ఆ చెక్కల మీదే కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పాడు. అంతలో చెక్కల కిందనుంచి గుండె చప్పుడు వినిపించసాగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత ఉంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనకుండానే అతను భుజాలు తడుముకున్నాడు.

ఆ చప్పుడు ఎవరిది? చచ్చిపోయినవాడిదా, భయంతో కొట్టుకుంటున్న తన గుండెదేనా? గోడల్లో పురుగులు చేసే చప్పుడు రాత్రుళ్లు వింటూ కూర్చునేవాణ్ణని అతనే కథలో ముందొకచోట చెప్పాడు. దానితో మూడో అవకాశమూ తెరుచుకుంటుంది. పో ఏదీ తేల్చడు.

ఈ కథలో నన్ను ఆపేసే సంగతి వేరే ఉంది. ఈ మనిషి దేన్నీ మరిచిపోలేదు. తలుపు ఎంత సందు తెరిచాడో, లాంతరు వెలుగు ఎక్కడ పడిందో, ఏ రాత్రి ఏం చేశాడో అన్నీ గుర్తున్నాయి. తాను పిచ్చివాణ్ణి కాదనడానికి అతను చూపే రుజువే అది: పిచ్చివాడు ఇంత నేర్పుగా, ఇంత ఓపికగా పని చక్కబెట్టగలడా? తర్కం ఎక్కడా తెగలేదు. ఆ తర్కం మొదలైన చోటు మాత్రం ఖాళీ. కన్ను నచ్చలేదు కాబట్టి మనిషిని చంపాలి అన్న తొలిమెట్టు ఎక్కడినుంచి వచ్చిందో అతనికీ తెలియదు, ఆ ఆలోచన బుర్రలోకి ఎలా వచ్చిందో చెప్పలేనంటాడు.

అదే నెల 20వ తేదీన లండన్‌లో ఇంకో సంఘటన జరిగింది. గ్లాస్గోలో చెక్కపని చేసిన డేనియల్ మెక్‌నాటన్, ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను వీధిలో వెనకనుంచి కాల్చాడు. ఐదు రోజులకు డ్రమండ్ చనిపోయాడు. పీల్‌కు చెందిన టోరీ పార్టీవాళ్లు తనను ఊరూరా వెంటాడి వేధిస్తున్నారని మెక్‌నాటన్ నమ్మకం. చంపాలనుకున్నది పీల్‌నేనని అప్పట్లో చాలామంది భావించారు. మతిస్థిమితం లేదన్న కారణంతో మార్చిలో జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది, అక్కణ్ణించి పిచ్చాసుపత్రికి పంపారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. దాంతో ఆ ఏడాది జూన్‌లో న్యాయమూర్తులు ప్రభువుల సభకు ఒక సూత్రం చెప్పారు. మనోవ్యాధి వల్ల తాను చేస్తున్న పని ఎలాంటిదో తెలియకపోతేనో, అది తప్పని తెలియకపోతేనో ముద్దాయిని శిక్షించకూడదు. మెక్‌నాటన్ సూత్రాలన్న పేరుతో అవి చాలా దేశాల చట్టాల్లోకి వెళ్లాయి.

ఆ సూత్రం ముందు పో కథకుణ్ణి నిలబెట్టి చూడండి. చంపుతున్నానని అతనికి తెలుసు. తప్పని తెలుసు కాబట్టే దాచాడు. చట్టం దృష్టిలో అతను బుద్ధి స్థిరంగా ఉన్న హంతకుడు. చదివే ఎవరికైనా మాత్రం మొదటి పేరాలోనే అతని పరిస్థితి అర్థమవుతుంది. వైద్యులు అప్పటికే ఈ తేడాను గురించి మాట్లాడుతున్నారు. ఒక్క విషయంలోనే మతి చలించి, మిగతా అన్నింటా మామూలుగా ఉండే స్థితికి ఫ్రెంచ్ వైద్యుడు ఎస్కిరోల్ మోనోమేనియా అని పేరు పెట్టాడు. బుద్ధి చెడకుండా భావాలూ ప్రవృత్తీ మాత్రమే చెడిపోవచ్చని ఇంగ్లండ్‌లో జేమ్స్ ప్రిచర్డ్ 1835లో రాశాడు. చట్టం అడిగే ప్రశ్న ‘తెలుసా, తెలియదా’ అన్నది. తెలిసీ ఆగలేనివాణ్ణి, తన తర్కంలో తానే బందీ అయినవాణ్ణి ఆ ప్రశ్న అందుకోలేదు. పో కథ నిలబడింది ఆ ఖాళీలోనే.

1886లో స్టీవెన్సన్ రాసిన జెకిల్, హైడ్ కథను కూడా చాలామంది మరపు కథగా పొరబడతారు. ఒకడు చేసింది ఇంకొకడికి తెలియదనుకుంటారు. పుస్తకంలో జెకిల్ రాసుకున్న వాంగ్మూలం దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఇద్దరికీ జ్ఞాపకం ఉమ్మడి. హైడ్‌గా చేసినదంతా జెకిల్‌కు గుర్తుంది. గుర్తుండీ, తనను హైడ్‌గా మార్చే మందును మళ్లీ తాగాడు. ఆ కథలోని భయమంతా అక్కడే ఉంది. మరిచిపోయి ఉంటే అతను బాధితుడయ్యేవాడు.

తన పేరున్న చొక్కా

మరపును మొదటిసారి సీరియస్‌గా పట్టుకున్న నేరకథ అంటే నాకు 1824 నాటి స్కాట్లండ్ నవల గుర్తొస్తుంది. జేమ్స్ హాగ్ దాన్ని తన పేరు లేకుండానే అచ్చువేశాడు. రాబర్ట్ రింగిమ్ అనే యువకుడు, దేవుడు తనను ముందే ఎన్నుకున్నాడనీ, ఇక ఏ పాపమూ తనకు అంటదనీ నమ్ముతాడు. గిల్ మార్టిన్ అనే వింత స్నేహితుడు దొరుకుతాడు. కోరిన ముఖం తెచ్చుకోగల ఆ స్నేహితుడు హత్యలకు పురిగొల్పుతాడు. ఒక దశలో రాబర్ట్‌కు నెలల కాలం లెక్క తేలదు. తన ఇంట్లోనే మేలుకుని, తాను ఎన్నడూ చేయలేదనుకుంటున్న ఘోరాలకు జనం తననే నిలదీయడం చూస్తాడు. హాగ్ చేసిన గొప్ప పని కథను రెండుసార్లు చెప్పించడం. ముందు ఒక సంపాదకుడు బయటనుంచి చెబుతాడు, తర్వాత నేరస్థుడే లోపలినుంచి చెబుతాడు. రెండూ అతకవు. ఎక్కడ అతకవో అక్కడ పాఠకుడు నిలబడిపోతాడు: గిల్ మార్టిన్ దయ్యమా, రాబర్ట్ మనసు విరిగి పడిన ముక్కా?

హాగ్ దగ్గర ఇంకా దయ్యానికి చోటుంది. నలభై నాలుగేళ్ల తర్వాత విల్కీ కాలిన్స్ దాన్ని పూర్తిగా తీసేశాడు. 1868 నాటి ‘ద మూన్‌స్టోన్’ నవలను డిటెక్టివ్ నవలల తొలితరంలో లెక్కిస్తారు. నాకది అంతకన్నా ముఖ్యంగా జ్ఞాపకం మీద రాసిన పుస్తకం. కథలో శ్రీరంగపట్నం ముట్టడిలో దోచుకెళ్లిన వజ్రం ఒకటి ఇంగ్లండ్‌లో రేచల్ అనే అమ్మాయికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా అందుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. ఆమె గది తలుపుకు కొత్తగా వేసిన రంగు ఒకచోట చెదిరి ఉంటుంది. ఆ రంగు ఎవరి బట్టకు అంటిందో వాడే దొంగ. దొంగను పట్టుకోవాలని అందరికన్నా ఎక్కువ తాపత్రయపడేవాడు ఫ్రాంక్లిన్ బ్లేక్, రేచల్‌ను ప్రేమించిన యువకుడు.

దాదాపు ఏడాది తర్వాత సముద్రం ఒడ్డున ఊబి ఇసుకలో దాచిన పెట్టెను ఫ్రాంక్లిన్ బయటికి లాగుతాడు. అందులో రాత్రివేళ వేసుకునే పొడుగు చొక్కా. దాని మీద ఆ రంగు మరక. చొక్కా మీద కుట్టిన పేరు చూస్తే, అది తనదే. నేను ఈ పుటను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. అంతవరకు నిజాయితీగా, ఓర్పుగా కథ చెబుతూ వచ్చిన మనిషి అతను. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అయినా దొంగ అతనే. కాళిదాసు ఉంగరం పని ఇక్కడ ఈ చొక్కా చేసింది.

ఏం జరిగిందంటే, పొగ మానేసి నిద్రపట్టక బాధపడుతున్న ఫ్రాంక్లిన్, పుట్టినరోజు విందులో కాండీ అనే డాక్టరుతో వైద్యం గురించి వాదనకు దిగాడు. తన మందు శక్తి చూపించాలని డాక్టరు అతనికి చెప్పకుండా నల్లమందు ఇచ్చాడు. వజ్రానికి ఏమవుతుందోనన్న ఆందోళనతో పడుకున్న ఫ్రాంక్లిన్ ఆ మత్తులో లేచి, దాన్ని భద్రంగా దాచాలనుకుని తీశాడు. తెల్లారేసరికి ఏదీ గుర్తు లేదు. నిజం తెలిసిన ఒకే ఒక్క డాక్టరు అదే రాత్రి వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు, ఆ జ్వరంలో జ్ఞాపకశక్తి పోగొట్టుకున్నాడు. రేచల్ మాత్రం ఫ్రాంక్లిన్ వజ్రం తీయడం కళ్లారా చూసింది. ప్రేమ వల్ల నోరు మెదపలేదు. ఆమె చూసింది అక్షరాలా నిజం, చూసినదానికి ఆమె చెప్పుకున్న అర్థం పూర్తిగా తప్పు. ప్రత్యక్షసాక్షి మీద ఇంత లోతైన వ్యాఖ్య ఆ కాలంలో ఇంకొకటి నేను చదవలేదు.

ఇంకో రెండు చోట్ల కాలిన్స్ తన కాలాన్ని దాటి ముందుకు వెళ్లాడు. కాండీ సహాయకుడు ఎజ్రా జెన్నింగ్స్, జ్వరంలో డాక్టరు పలవరించిన తెగిన మాటలను వదులుగా కాగితం మీద రాసుకుంటాడు. తర్వాత మధ్య ఖాళీల్లో పట్టే మాటలేవో ఊహించి నింపుతాడు. ముక్కలుగా చెదిరిన ఆటబొమ్మను తిరిగి పేర్చినట్టు. జ్ఞాపకం పనిచేసే తీరే ఇది అని శాస్త్రం గట్టిగా చెప్పడానికి ఇంకా అరవై ఏళ్లు పైగా పట్టింది. రెండోది, మళ్లీ నల్లమందు ఇచ్చి ఆ రాత్రిని తిరిగి జరిపించే ప్రయోగం. తాగిన మత్తులో పొట్లం ఎక్కడో పెట్టి మరిచిపోయి, మళ్లీ తాగినప్పుడే గుర్తు తెచ్చుకున్న ఒక కూలివాడి ఉదంతాన్ని డాక్టర్ ఎలియట్సన్ అనే నిజమైన వైద్యుడి గ్రంథం నుంచి జెన్నింగ్స్ ఉదహరిస్తాడు. ఏ స్థితిలో నేర్చింది ఆ స్థితిలోనే బాగా గుర్తొస్తుందని తర్వాతి పరిశోధనలూ చూపించాయి. 1975లో గాడెన్, బ్యాడ్లీ అనే పరిశోధకులు ఈతగాళ్లకు నీటి అడుగున మాటల జాబితాలు వినిపించారు. అక్కడ విన్నవి ఒడ్డు మీదికన్నా మళ్లీ నీటి అడుగునే ఎక్కువ గుర్తొచ్చాయి.

ప్రయోగం ఫలిస్తుంది. మత్తులో ఫ్రాంక్లిన్ మళ్లీ లేచి నకిలీ వజ్రాన్ని తీస్తాడు. అయినా కాలిన్స్ ఇక్కడ ఒక పట్టుదల చూపించాడు. తెల్లవారాక ఫ్రాంక్లిన్‌కు ఇప్పుడు కూడా ఏదీ గుర్తుండదు. చూసినవాళ్లు రాసి సంతకం చేసిన కాగితమే అతనికి మిగిలిన సాక్ష్యం. తన జీవితంలో అతి ముఖ్యమైన రాత్రి గురించి అతనికి కథ చివరిదాకా ఇతరులే చెప్పాలి. తల మీద ఇంకో దెబ్బ తగిలితే గతమంతా గిర్రున తిరిగివచ్చే కథలు వందేళ్ల తర్వాత కూడా వచ్చాయి. ఆ సులువైన దారి కాలిన్స్ తొక్కలేదు. ఈ నవల రాస్తున్నప్పుడు కాలిన్స్ కీళ్లవాతంతో మంచాన ఉండి, నల్లమందు సారం తాగుతూ, కొంత భాగం చెప్పి రాయించాడు. మత్తు గురించి అతనికి తెలిసింది పుస్తకాల నుంచి మాత్రమే కాదు.

జ్ఞాపకమే వల

దస్తయేవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ 1866లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. హత్య చేసే క్షణంలో నేరస్థుడి వివేకం రోగం సోకినట్టు జారిపోతుందని, ఒక ముసలామెను చంపబోయే కథానాయకుడు రస్కోల్నికోవ్ ముందే ఆలోచించాడు, తనకు మాత్రం అలా కాదనుకున్నాడు. అయ్యింది. గొడ్డలి దెబ్బ తర్వాత రోజుల తరబడి జ్వరం, పలవరింత. ఏం పలవరించానో అని తేరుకున్నాక స్నేహితుణ్ణి భయంగా అడుగుతాడు. తన నోటి మీద తనకే నమ్మకం లేని స్థితి అది.

దర్యాప్తు అధికారి పర్ఫీరి వేసే ఒక ప్రశ్న నాకు ఈ మొత్తం సాహిత్యంలోనే మచ్చుతునక. ముసలామె ఇంటికి వెళ్లినప్పుడు రెండో అంతస్తులో రంగులు వేస్తున్న పనివాళ్లను చూశారా అని మామూలుగా అడుగుతాడు. రస్కోల్నికోవ్ అక్కడికి వెళ్లినట్టు ఒప్పుకున్నది హత్యకు మూడు రోజుల ముందు. రంగులవాళ్లు ఉన్నది హత్య జరిగిన రోజున. చూశానంటే దొరికిపోతాడు. మంచి జ్ఞాపకశక్తి ఉండటమే అక్కడ ప్రమాదం. రస్కోల్నికోవ్ క్షణంలో వలను పసిగట్టి, గుర్తు లేదంటాడు. ‘గుర్తు లేదు’ అన్న మాట అబద్ధంగా, ఆయుధంగా మారిన ఘట్టం ఇది.

అదే నవలలో ఇంకో వింత జరుగుతుంది. ఆ రంగులవాళ్లలో ఒకడు మికోల్కా, ఏ పాపం తెలియనివాడు, తానే చంపానని వచ్చి మోకాళ్ల మీద పడతాడు. బాధను నెత్తిన వేసుకోవాలన్న ఆరాటం అతనిది. చేసినవాడు దాస్తుంటే చేయనివాడు ఒప్పుకోవడం. ఈ మికోల్కాను మనసులో ఉంచుకోండి, మళ్లీ అవసరమవుతాడు.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే పాట్రిక్ హామిల్టన్ దగ్గర ఆగాలి. ఒకే రచయిత ఈ చిక్కుముడిని రెండు వైపులనుంచీ పట్టుకున్నాడు. 1941 నాటి ‘హ్యాంగోవర్ స్క్వేర్’లో జార్జ్ హార్వీ బోన్ తలలో ఉన్నట్టుండి ఏదో టక్కుమంటుంది. లోకం మూగబోతుంది. ఆ స్థితిలో అతనికి ఒక్కటే గుర్తొస్తుంది, తనను ఆడిస్తున్న నెట్టాను చంపాలని. మళ్లీ టక్కుమంటుంది, మామూలు మనిషి అవుతాడు, ఆ ఆలోచన ఆనవాలు కూడా ఉండదు. యుద్ధం మొదలవబోతున్న 1939 లండన్‌లో, తాగుడు మధ్య సాగే ఈ కథలో జార్జ్ మీద మనకు కలిగేది జాలే. కానీ ఒక మాట చెప్పుకోవాలి. ఇలాంటి నవలల వల్లా, వాటి నుంచి పుట్టిన సినిమాల వల్లా స్కిజోఫ్రీనియా అంటే ఒక మనిషిలో ఇద్దరుండటం అన్న అపోహ పాతుకుపోయింది. అది పూర్తిగా వేరే వ్యాధి. మానసిక వ్యాధి ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. హింస చేసేవాళ్లుగా కన్నా హింసకు గురయ్యేవాళ్లుగానే వాళ్లు ఎక్కువ. ఈ కథలను ప్రేమించేవాళ్లం ఈ నిజాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

హామిల్టన్ 1938 నాటకం ‘గ్యాస్ లైట్’ దీనికి అవతలి గట్టు. భర్త వస్తువులు దాచేసి, నువ్వే పెట్టి మరిచిపోయావని భార్యను నమ్మిస్తాడు. ఆమెకు తన మతి మీదే అనుమానం పుడుతుంది. రాత్రుళ్లు గదిలో గ్యాస్ దీపం ఉన్నట్టుండి మసకబారుతుంది. పై అంతస్తులో అతను రహస్యంగా దీపం వెలిగించి వెతుకుతున్నాడు కాబట్టి కింద వెలుగు తగ్గుతోంది. పిచ్చిదని ముద్రపడిన మనిషి కళ్లకు కనిపించేదే ఆ ఇంట్లో ఏకైక సాక్ష్యం. మనిషి జ్ఞాపకాన్ని బయటివాడు దొంగిలించగలడన్న సంగతికి లోకం ఆ నాటకం పేరే పెట్టుకుంది.

1960ల తొలినాళ్లలో ఫ్రెంచ్ రచయిత సెబాస్టియన్ జాప్రిజో దీన్ని ఇంకా బిగించాడు. ‘ట్రాప్ ఫర్ సిండ్రెల్లా’గా ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఆ నవలలో, అగ్నిప్రమాదం తర్వాత ముఖం కాలి, గతం మరిచిపోయిన ఒక యువతి మేలుకుంటుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, బతికింది ఒకరు. తాను ఒకరైతే వారసురాలు, ఇంకొకరైతే హంతకురాలు కావచ్చు. నువ్వు ఫలానా అని చెప్పే ప్రతివాళ్లకూ ఏదో ఒక లాభం ఉంది. ముగింపు చెప్పను.

భోషాణం కాదు

పాత నేరకథల్లో చాలావాటికి ఒక నమ్మకం ఉంది. జ్ఞాపకం తాళం వేసిన భోషాణం. తాళంచెవి దొరికితే చాలు, పెట్టినవి పెట్టినట్టే లోపల ఉంటాయి. హిప్నోసిస్, కల, పాత పాట, ఏదో ఒకటి ఆ తాళంచెవి. మనసును పరిశీలించినవాళ్లకు కనిపించింది వేరు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లిష్ పాఠకులకిచ్చి, కొంతకాలం గడిచాక తిరిగి చెప్పమన్నాడు. వాళ్ల చేతుల్లో దొప్పపడవ మామూలు పడవ అయింది, అర్థంకాని ముక్కలు రాలిపోయాయి, మిగిలినవి తమకు అలవాటైన తర్కంలోకి సర్దుకున్నాయి. 1932లో ఇదంతా పుస్తకంగా తెచ్చాడు. గుర్తు తెచ్చుకోవడమంటే ప్రతిసారీ కొత్తగా అల్లడమే అన్నది అతని వాదం. జెన్నింగ్స్ కాగితాలు గుర్తొస్తున్నాయా?

దానికన్నా ముందే హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1908లో సాక్షుల మీద ఒక పుస్తకం రాశాడు. తన ఇంట్లోనే దొంగలు పడితే, కోర్టులో తాను ప్రమాణం చేసి చెప్పిన వివరాల్లో ఎన్ని తప్పులున్నాయో అందులో ఒప్పుకున్నాడు. దొంగలు ఏ దారిన వచ్చారన్నది కూడా తప్పే చెప్పాడు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు, జ్ఞాపకశక్తికి లోటు లేదు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 150 మందికి కార్ల ప్రమాదం సినిమా చూపించారు. 50 మందిని కార్లు ఎంత వేగంతో ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నాయి’ అన్నట్టుగా, 50 మందిని ‘తగిలాయి’ అన్నట్టుగా అడిగారు. మిగతా 50 మందిని వేగం గురించి అడగలేదు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి గుంపులో 16 మంది, రెండో గుంపులో ఏడుగురు, మూడో గుంపులో ఆరుగురు చూశామన్నారు. సినిమాలో గాజు అసలు లేదు. ఒక్క క్రియాపదం గాజును పగలగొట్టింది.

మరి నిజమైన మరపు సంగతి? విపరీతంగా తాగినప్పుడు కలిగే మరపులో చాలాసార్లు జ్ఞాపకం నమోదే కాదు. లేనిదాన్ని ఏ తాళంచెవీ బయటికి తీయలేదు. కోర్టులైతే మరపును పెద్దగా పట్టించుకోవు. 1959లో లండన్‌లో పోలీసు అధికారిని కాల్చిచంపిన గుంతర్ పొడోలా తనకు ఏమీ గుర్తు లేదన్నాడు. ఆ మరపు నిజం కాదని జ్యూరీ తేల్చింది. నిజమైనా సరే, ఇప్పుడు బుద్ధి బాగున్నవాణ్ణి విచారించడానికి అది అడ్డం కాదని పై కోర్టు చెప్పింది. ఆ నవంబరులో అతన్ని ఉరితీశారు. చట్టానికి కావాల్సింది చేసేటప్పటి మనసు, ఇప్పటి జ్ఞాపకం కాదు.

ఇక నాలుగోవాడు మిగిలాడు, జరగనిది గుర్తున్నవాడు. పాత నేరకథలు అతని జోలికి తక్కువ వెళ్లాయి. మికోల్కా కూడా లోలోపల తాను చంపలేదని తెలిసినవాడే. ఆ నాలుగోవాణ్ణి చూడాలంటే నవలలు పక్కన పెట్టాలి. 1974లో ఐస్‌లండ్‌లో ఇద్దరు మగవాళ్లు పది నెలల తేడాలో విడివిడిగా కనిపించకుండా పోయారు. శవాలు దొరకలేదు, ఆయుధం లేదు, హత్య జరిగిందనడానికే ఆధారం లేదు. పోలీసులు ఆరుగురు యువతీయువకులను పట్టుకుని నెలల తరబడి ఏకాంత నిర్బంధంలో ఉంచారు. పదే పదే ప్రశ్నించారు, మందులిచ్చారు, అనుకున్న చోట్లకు తీసుకెళ్లి గుర్తు చేసుకోమన్నారు. వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లలో కొందరికి తాము చేయలేదన్న జ్ఞాపకం మీదే నమ్మకం పోయింది. ఒకతను జైల్లో రాసుకున్న డైరీలో ఆ జారుడు రోజురోజుకూ కనిపిస్తుంది. మొదట తనకేమీ తెలియదనుకున్నవాడే క్రమంగా, చేసి ఉంటానేమో, మనసు దాన్ని అణచివేసిందేమో అన్న అనుమానంలోకి దిగుతాడు. కాలిన్స్ కథలో ఫ్రాంక్లిన్‌కు జరిగిందే తమకూ జరిగిందని వాళ్లు నమ్మసాగారు. మరిచిపోయిన నేరం అన్న పాత కథ మనుషులకు అంతగా అలవాటైపోయింది.

ఇలా తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోవడానికి గిస్లి గుడ్జాన్సన్, జేమ్స్ మెకీత్ 1982లో మెమరీ డిస్ట్రస్ట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. గుడ్జాన్సన్ స్వయంగా ఐస్‌లండ్‌వాడు, ఒకప్పుడు అక్కడ పోలీసు డిటెక్టివుగా పనిచేశాడు. దశాబ్దాల తర్వాత ఆ డైరీలనూ రికార్డులనూ తిరగేసినవాళ్లలో అతనూ ఉన్నాడు. 2018 సెప్టెంబరులో ఐస్‌లండ్ సుప్రీంకోర్టు ఐదుగురిని నిర్దోషులని ప్రకటించింది. అప్పటికి వాళ్లలో ఇద్దరు బతికి లేరు. కనిపించకుండా పోయిన ఆ ఇద్దరి ఆనవాలూ నేటికీ దొరకలేదు. చేప కడుపులో ఉంగరం లేదు, ఇసుకలో చొక్కా లేదు. ఆ యువకుల చేత గుర్తు చేయించిన రాత్రి ఒక్కటే ఉంది, అది ఎన్నడూ జరగలేదు.